బడి మానిన బిడ్డను వెదకుట

పాఠ్యభాగములు: లూకా 15:3–7, 2 రాజులు 4:1–7, 1 సమూయేలు 2:18–19.

ముఖ్యోద్దేశము: బిడ్డ బడిని ఒక్క దినమున మానడు, దినదినము జారిపోవును. గనుక మూడవ దినముననే వెదకుటకు లేచు సంఘము అతనిని నిలుపగలదు.



సంక్రాంతి సెలవులు ముగిసి బడులు మరల తెరచియున్నారు. మన పల్నాటి సీమలో మిరప కోతలును ఈ దినములలోనే ముమ్మరమగును. తెల్లవారకముందే కూలీల ట్రాక్టర్లు, ఆటోలు మన పేట వీధిలో వచ్చి నిలుచును. తల్లులు అన్నపు క్యారియర్లు పట్టుకొని ఎక్కుదురు. పండుగకు ముందు పుస్తకముల సంచితో బడికి పోయిన పిల్లలు ఒకరిద్దరు ఆ తల్లుల ప్రక్కన కూర్చుండుట మనము చూచుచున్నాము. చూచియు, "రెండు దినములే గదా" అని ఊరకుందుము. ఆ రెండు దినములు వారమగును, వారము మాసమగును, అంతలో పరీక్షలు వచ్చును. పరీక్ష వ్రాయని బిడ్డ జూను మాసమున బడి ముఖము చూడడు. కాబట్టి కోతలు ముగిసిన తరువాత దుఃఖించుటకంటె, ఇప్పుడే ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచించుట మంచిదని ఈ నెల పాఠమునకు దీనిని ఏర్పరచుకొంటిమి.

1. లెక్కించిన కాపరి

లూకా సువార్త 15వ అధ్యాయములో ప్రభువు చెప్పిన గొఱ్ఱెల కాపరి ఉపమానమును మనమందరము ఎరుగుదుము. తప్పిపోయిన పాపిని దేవుడు వెదకునని దానినుండి అనేక పర్యాయములు ప్రసంగించియున్నాము. అది సత్యమే. అయితే ఆ కాపరి వెదకుటకు ముందు చేసిన పని ఒకటి కలదు. దానిని మనము తరచుగా దాటిపోవుదుము. నూరు గొఱ్ఱెల మందలో ఒకటి తగ్గినయెడల కంటికి తెలియదు. తక్కినవి ఎప్పటివలెనే మేయుచుండును, ఎప్పటివలెనే దొడ్డిలోనికి వచ్చును. తప్పిపోయినది తనంతట తాను వచ్చి "నేను తప్పిపోతిని" అని చెప్పదు. సాయంకాలమున దొడ్డివాకిట నిలిచి ఒక్కొక్కదానిని లెక్కించిన కాపరికే ఆ సంగతి తెలియును. లెక్కించనివాడు ఎంత ప్రేమగలవాడైనను వెదకుటకు బయలుదేరడు.

మన సంఘములో మనము ఏమి లెక్కించుచున్నాము? కానుకలను చిల్లరతో సహా లెక్కించి పుస్తకములో వ్రాయుదుము. ప్రభురాత్రి భోజనము తీసికొనినవారి సంఖ్య వ్రాయుదుము. ఆదివారపు బడికి ఎందరు పిల్లలు వచ్చిరో బోర్డుమీద వ్రాయుదుము. అయితే సోమవారమున ఆ పిల్లలలో ఎందరు బడికి పోయిరి, ఎవరు ఏ తరగతిలో ఉన్నారు, ఎవరు పేరుకు మాత్రమే ఉన్నారు అని అడిగినయెడల, సంఘ పెద్దలలో ఎవరు చెప్పగలరు? మేమును చెప్పలేకపోతిమి. ఇది మా ఒప్పుకోలు. ఈ పాఠము ఆ ఒప్పుకోలునుండియే పుట్టినది.

2. బిడ్డ ఎట్లు జారిపోవును?

"వాడు బడి మానినాడు" అని మనము ఒక్క దినమున జరిగిన సంగతివలె చెప్పుదుము. అది అట్లు జరుగదు. మొదట ఏదో పనిమీద రెండు దినములు మానును. మానినందున పాఠము అర్థము కాదు. ఇంటిపని చేయనందున మాస్టరుగారు కోపపడుదురని భయపడి మరల మానును. పిలిచి అడిగినవారు లేనందున, తాను రాకపోయినను ఎవరికిని లోటు లేదని తలంచును. హాజరు పట్టీలో పేరు ఉండును గాని బల్లమీద బిడ్డ ఉండడు. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియునప్పటికి మాసములు గడచియుండును.

ఈ జారుట ఏ మలుపులయొద్ద అధికమో ప్రభుత్వము ప్రకటించిన లెక్కలు చూపుచున్నవి. 2021-22 విద్యా సంవత్సరమున దేశమంతటిమీద ప్రాథమిక తరగతులలో బడి మానినవారు నూటికి 1.5 మంది. 6 మొదలు 8 వరకు గల తరగతులలో నూటికి ముగ్గురు. 9, 10 తరగతులలో నూటికి 12.6 మంది. అనగా చిన్న పిల్లలను బడిలో చేర్చుటలో మన దేశము చాలవరకు జయించినది. మధ్యాహ్న భోజనము, ఉచిత పుస్తకములు, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఇందుకు తోడ్పడినవి. కాని ఆ చట్టము 6 మొదలు 14 ఏండ్ల వయస్సువరకే చేయి పట్టుకొనును. సరిగా ఆ చేయి విడిచిన చోటనే మన బిడ్డలు జారుచున్నారు. ఊరిలోని బడి ముగిసి మరియొక ఊరి బడికి పోవలసిన మలుపు ఒకటి, పదవ తరగతిలో తప్పిన దినము మరియొకటి. ఈ మలుపులయొద్ద ఎవరైన నిలిచియుండవలెను.

3. కారణములు

(అ) చదువ రాకపోవుట. పేదరికమే ముఖ్య కారణమని మనమందుము. అది నిజమే గాని, దానికంటె మౌనముగా పనిచేయు కారణము ఒకటి గలదు. బిడ్డ బడిలో ఉండియు చదువ నేర్వకపోవుట అదియే. 2022వ సంవత్సరపు అసర్ నివేదిక ప్రకారము, మన దేశపు గ్రామములలో అయిదవ తరగతి పిల్లలలో నూటికి 43 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. చదువ రాని బిడ్డ ఆరవ తరగతికి, ఏడవ తరగతికి పోవుచునే యుండును. ప్రతి దినమును అతనికి అవమాన దినమే.

మా సంఘములో ఒక పిల్లవాడుండెను. 2020వ సంవత్సరమున మహమ్మారి వలన బడులు నెలల తరబడి మూతపడినప్పుడు అతడు నాలుగవ తరగతి. బడులు తెరచిన తరువాత పై తరగతులకు పంపబడుచునే వచ్చెను. ఆదివారపు బడిలో కంఠత వాక్యములు చెప్పుటలో అతని మించినవాడు లేడు. వినిన మాటను మరువనివాడు. క్రిస్మస్సు బహుమానము రెండు పర్యాయములు అతనికే ఇచ్చితిమి. అతడు ఎనిమిదవ తరగతిలో నుండగా, ఒక యువజన ఆదివారమున వేదికమీదికి పిలిచి, బైబిలు చేతికిచ్చి, ఆనాటి పాఠము చదువుమంటిమి. అతడు గ్రంథము పట్టుకొని నిలిచెను. ఒక్క మాటయు రాలేదు. పిల్లలు నవ్విరి. సిగ్గుపడుచున్నాడనుకొని మేము, "బిగ్గరగా చదువుము, భయమెందుకు?" అంటిమి. అతడు గ్రంథమును బల్లమీద పెట్టి దిగిపోయెను.

అక్షరములు కూడబలుకుకొనుటయు అతనికి రాదని ఆ దినమున మాకు తెలిసినది. అతడు కంఠత వాక్యములను అక్క నోట విని నేర్చుకొనుచుండెను. మేము అతని జ్ఞాపకశక్తిని మెచ్చుకొంటిమి గాని, గ్రంథము తెరచి ఒక్క పంక్తియైనను చదివించి చూడలేదు. మరుసటి ఆదివారమున అతడు గుడికి రాలేదు. ఆ వేసవి తరువాత బడికిని పోలేదు. తాపీమేస్త్రి వెంట హైదరాబాదు పోయెనని వినునప్పటికి రెండు మాసములు గడచినవి. మేము అతని ఇంటికి పోయితిమి గాని, పోవలసిన దినమున పోలేదు.

(ఆ) అప్పు. రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములోని విధవరాలిని జ్ఞాపకము చేసికొనుడి. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దైవభక్తి గలవాడు. అయినను అప్పుతో చనిపోయెను. అప్పిచ్చినవాడు ఆమె యిద్దరు కుమారులను పనివారుగా పట్టుకొనిపోవుటకు వచ్చెను. ఇంటి పెద్ద అప్పు బిడ్డల మెడకు చుట్టుకొనుట ఆనాటి సంగతి మాత్రమే కాదు. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరప చేలను నాశనము చేసినప్పుడు కౌలు రైతులెందరో అప్పులలో మునిగిరి. చేను పోయినవాడు కూలికి పోవును. ఒక్కరి కూలి చాలనప్పుడు బిడ్డను వెంటబెట్టుకొనిపోవును. ప్రభుత్వ సహాయము లేకపోలేదు. 2025 జూనులో తల్లికి వందనము పథకము క్రింద తల్లుల ఖాతాలలో సొమ్ము పడినది. అయితే సొమ్ము జూనులో వచ్చినది. అప్పులవాడు ఫిబ్రవరిలో వచ్చును. పదవ తరగతి పరీక్షలును మిరప కోతలును ఒకే కాలమున వచ్చుచున్నవి.

(ఇ) ఆడపిల్ల, దూరము, పెండ్లి. రెండేండ్ల క్రిందట ఒక తండ్రి తన కుమార్తె పెండ్లి ప్రకటన చదువుమని మా యొద్దకు వచ్చెను. పుట్టిన తేదీ పత్రము అడిగితిమి. తెచ్చి చూపగా పిల్లకు 16 ఏండ్లు. 18 నిండక ప్రకటన చదువజాలమని చెప్పితిమి. "నలుగురిలో మాట ఇచ్చాను, అయ్యగారు నా పరువు తీశారు" అని ఆయన చాల దినములు మాతో మాటలాడలేదు. పెండ్లి ఆగినది. మేము మంచి పని చేసితిమని సంతోషించితిమి. కాని ఆ పిల్ల బడి ఎప్పుడు మానినదని తల్లిని అడుగగా, ఏడాదిన్నర అయ్యెనని చెప్పినది. "తొమ్మిదో తరగతి బడి నాలుగు మైళ్ల దూరం, అయ్యగారూ. తోడు పోయే పిల్లలు లేరు. నేను కోతకు పోతే చిన్నోణ్ణి చూసేవాళ్లు లేరు. ఇంట్లో ఊరికే ఉన్న ఆడపిల్లకు సంబంధం వస్తే వద్దంటామా?" అని ఆమె మమ్ము ఎదురు ప్రశ్నించినది.

ఈ మాట మమ్మును గద్దించెను. పెండ్లి ఆ పిల్లను బడి మాన్పించలేదు. బడి ముందే మానినది, పెండ్లి వెనుక వచ్చినది. ఏడాదిన్నర ప్రతి ఆదివారమును ఆ పిల్ల మా యెదుట చాపమీద కూర్చుండెను. మేము ప్రసంగించుచునే యుంటిమి, అడుగలేదు.

(ఈ) దెబ్బలు, అవమానము. బిడ్డను కొట్టుటగాని మనస్సు నొచ్చునట్లు హింసించుటగాని విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించుచున్నది. కులము పేరెత్తి పలుకుట ఒక్క మాటయైనను బిడ్డ మనస్సులో ఏండ్ల తరబడి నిలుచును. ఇట్టిది జరిగినప్పుడు తండ్రి ఒక్కడే పోయి కోపముతో మాటలాడుటకంటె, సంఘ పెద్దలు ఇద్దరు తోడుపోయి ప్రధానోపాధ్యాయునితో శాంతముగాను స్థిరముగాను మాటలాడుట మేలు. ఉపాధ్యాయులలో అధిక సంఖ్యాకులు మన బిడ్డల మేలు కోరువారే. వారికి మనము శత్రువులముగా గాక తోడుగా కనబడవలెను.

(ఉ) "చదివినవాడు ఏమి సంపాదించెను?" ఈ ప్రశ్న మన పేటలో ప్రతి అరుగుమీదను వినబడును. డిగ్రీ చదివి ఇంట కూర్చున్నవాడును, చదువక తాపీపనిలో దినకూలి తెచ్చువాడును మన కన్నుల యెదుటనే ఉన్నారు. ఈ ప్రశ్నను కొట్టివేయరాదు. చదివిన ప్రతివానికి ఉద్యోగము దొరకునని మేము వాగ్దానము చేయము. అయితే ప్రోనోటులో ఏమి వ్రాసియున్నదో చదువలేక వ్రేలిముద్ర వేసినవాడు ఎంత పోగొట్టుకొనెనో ఎవరును లెక్కించరు. మందు డబ్బామీది హెచ్చరిక చదువలేక చేనిలో పడిపోయినవాని నష్టమును ఎవరును లెక్కించరు. అన్నిటికంటె ఎక్కువగా, దేవుని వాక్యమును తన కన్నులతో తాను చదువుకొనుట బిడ్డ స్వాస్థ్యము. దానిని మనము కూలిడబ్బులకు అమ్మరాదు.

4. మన పూర్వికుల మాదిరి

1842వ సంవత్సరమున హయ్యరు దొరగారు గుంటూరు వచ్చి, సువార్త పనితోపాటు పాఠశాలలను స్థాపించిరి. అప్పటినుండి మన తెలుగు సంఘములలో ప్రార్థనామందిరమును బడియు అనేక గ్రామములలో ఒకే కప్పు క్రింద ఉండెను. ఆదివారమున ప్రసంగించిన ఉపదేశియే సోమవారమున పలక పట్టించెడివాడు. బిడ్డ రానియెడల ఆయనకు ఆ ఉదయమే తెలియును. సాయంకాలము ఇంటికి పోయి అడిగెడివాడు. నేడు ప్రభుత్వము బడులు నడుపుచున్నది, అందుకు దేవునికి స్తోత్రము. అయితే బడిని ప్రభుత్వమునకు అప్పగించినప్పుడు, బిడ్డను అడుగు పనిని కూడ మనము అప్పగించివేసితిమి. అది మన చేతినుండి పోవలసినది కాదు.

జారిపోయిన బిడ్డను మరల తెచ్చుట సాధ్యమేనా అని కొందరు సందేహింతురు. సాధ్యమే. 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషనువారు, శాంతా సిన్హాగారి నాయకత్వమున, పనిలోనున్న పిల్లలను శిబిరములలో చేర్చి, చదువు నేర్పి, వారి వయస్సుకు తగిన తరగతులలో ప్రవేశపెట్టిరి. 2003లో ఆమెకు మెగసెసే బహుమానము లభించెను. ఆ గ్రామములలోని తల్లిదండ్రులును మన తల్లిదండ్రులవంటి పేదలే. బిడ్డ బడిలో ఉండుట ఊరందరి పని అని అక్కడ ఊరువారు నమ్మిరి.

5. సంఘము చేయవలసిన పనులు

మొదటిది, పట్టిక వ్రాయుట. సంఘములో 5 మొదలు 18 ఏండ్ల వయస్సుగల ప్రతి బిడ్డ పేరు, తరగతి, బడి పేరు ఒక పుస్తకములో వ్రాయవలెను. కానుకల పుస్తకము ప్రక్కనే దీనిని ఉంచవలెను. నెలకొకసారి సంఘ పెద్దల కూటములో కానుకల లెక్కకు ముందు ఈ లెక్క చదువవలెను.

రెండవది, మూడవ దినపు దర్శనము. ఏ బిడ్డయైనను మూడు దినములు వరుసగా బడికి పోనియెడల, ఆ వీధికి ఏర్పరచబడిన పెద్దగాని స్త్రీల సమాజపు సహోదరిగాని ఆ సాయంకాలమే ఇంటికి పోవలెను. గద్దించుటకు కాదు, అడుగుటకు పోవలెను. ఎలీషా ఆ విధవరాలితో మొదట మాటలాడినది ఏమి? తాను ఆమెకు ఏమి చేయవలెనని అడిగెను, ఇంటిలో ఏమున్నదని అడిగెను. మనమును అట్లే అడుగవలెను.

మూడవది, సాయంకాలపు చదువు గంట. ప్రార్థనామందిరములో దీపము, చాపలు, నీళ్లు మనకున్నవి. వారమునకు అయిదు దినములు, దినమునకు ఒక గంట, ఇంటరు, డిగ్రీ చదువుచున్న మన యువజనులు చిన్నవారిని చదివింపవలెను. తరగతి ఏదైనను, చదువ రాని బిడ్డను అక్షరములనుండియే ప్రారంభింపవలెను. ఎవరికి ఎంత వచ్చునో ఒక్కొక్కరిని విడిగా పిలిచి చూడవలెను గాని, పదిమంది యెదుట పరీక్షింపరాదు. ఈ మాట మేము నేర్చుకొనిన వెల మీకు చెప్పియున్నాము.

నాలుగవది, కోతల కాలపు ఏర్పాటు. ఆ విధవరాలి ప్రొరుగువారు ఆమెకు సొమ్ము ఇవ్వలేదు, వట్టి పాత్రలు ఎరవిచ్చిరి. ఆ పాత్రలలోనే దేవుడు నూనె నింపెను, ఆ నూనె అప్పు తీర్చెను, కుమారులు ఇంట నిలిచిరి. మన యొద్ద ఏ వట్టి పాత్రలున్నవి? కోతలకు పోలేని అవ్వలు ఇద్దరు మందిరపు వసారాలో చంటిపిల్లలను చూచుకొనినయెడల, పది మంది అక్కలు బడికి పోగలరు. స్త్రీల సమాజము కూర్చు పిడికెడు బియ్యమును ఈ మూడు మాసములు ఆపదలోనున్న కుటుంబములకు కేటాయింపవచ్చును. ఇది గొప్ప ధనము కాదు, ఎరవు పాత్రలే.

మన సంఘములో రైతులును ముఠా మేస్త్రీలును ఉన్నారు. వారికి ప్రేమతో ఒక మాట. 2016లో సవరింపబడిన చట్టము ప్రకారము 14 ఏండ్లు నిండని బిడ్డను పనిలో పెట్టుట నేరము. బడి వేళలు గాక తన ఇంటి పనికి తోడుపడుట వేరు, కూలి లెక్కలో చేరుట వేరు. మీ ట్రాక్టరుమీద బడి బిడ్డ ఎక్కినయెడల దింపివేయుడి. ఒక్క మేస్త్రి దింపినయెడల, మా నూరు ప్రసంగములు చేయలేని పని జరుగును.

అయిదవది, ఆడపిల్లలకు తోడు. పైబడికి పోవు పిల్లలను ఒంటరిగా గాక గుంపుగా పంపుటకు తల్లులు కూర్చుండి మాటలాడుకొనవలెను. దూరము అధికమైనచోట 2004లో ప్రారంభమైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములలోను, ప్రభుత్వ వసతి గృహములలోను చేర్పింపవచ్చును. చేర్పించి మరచిపోరాదు. హన్నా తన కుమారుని మందిరములో విడిచిపెట్టెను గాని మరువలేదు. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. ఏటేట కొలత మారియుండును గదా! ఆ తల్లి బిడ్డ ఎదుగుదలను మనస్సులో కొలుచుకొనుచునే యుండెను. హాస్టలులో బిడ్డగల తండ్రులారా, నెలకొకసారి పోయి చూడుడి. బిడ్డ ఏమి తినుచున్నది, ఏమి చదువుచున్నది, ఎందుకు చిక్కినది అని అడుగుడి.

ఆరవది, ఫలితముల దినము. పదవ తరగతి ఫలితములు వచ్చిన దినమున సంఘ పెద్దలు పాసైనవారి యింటికి మిఠాయి తినుటకు పోవుదురు. ఆ దినమున మొదట తప్పినవారి యింటికి పోవలెను. వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదని చెప్పి, ఆ వారములోనే రుసుము కట్టించవలెను. 14 ఏండ్లు నిండినవారికి సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి వ్రాయు మార్గమును కలదు. పైన చెప్పిన ఆ పిల్ల ఇప్పుడు ఆ మార్గముననే చదువుచున్నది. తండ్రియు మరల మాతో మాటలాడుచున్నాడు.

ఏడవది, గుడారముల బిడ్డలు. ఈ కాలమున కర్నూలు జిల్లా పడమటి ప్రాంతములగు ఆదోని, కోసిగి మొదలగు చోట్లనుండి కుటుంబములు కోతలకు వచ్చి మన చేలగట్లమీద పట్టాలు కప్పుకొని కాపురముండును. వారి బిడ్డలు తమ ఊరి బడి లెక్కలో ఉందురు, అక్కడ ఉండరు. మన ఊరిలో ఉందురు, మన బడి లెక్కలో ఉండరు. అట్టి ఊళ్లలో ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లు నడుపుచు వచ్చినది గాని, తల్లిని విడువలేని చిన్నవారు వెంట వచ్చుచునే యున్నారు. చట్టము ప్రకారము సంవత్సరము నడుమనైనను, టి.సి. లేకపోయినను, వయస్సు పత్రము లేకపోయినను 14 ఏండ్ల లోపు బిడ్డను బడిలో చేర్చుకొనవలెను. చేయి పట్టుకొని తీసికొనిపోవువారు కావలెను. వారు మన సంఘపువారు కారు గదా అని ఎవరైన అందురేమో. కాపరి లెక్క మన సంఘపు లెక్కకంటె పెద్దది. బిడ్డ ఆపదలో ఉన్నయెడల 1098 నంబరునకు ఎవరైనను ఫోను చేయవచ్చును.

6. ముగింపు

గడచిన క్రిస్మస్సునకు హైదరాబాదునుండి ఆ పిల్లవాడు వచ్చెను. ఇప్పుడు మీసములు వచ్చియున్నవి. ఆరాధన అయిన తరువాత కృతజ్ఞతార్పణ కవరు తెచ్చి, అందరును పోవువరకు నిలిచి, మెల్లగా, "అయ్యగారూ, దీనిమీద నా పేరు రాయండి" అనెను. మేము కలము తీసి వ్రాయబోయి ఆగితిమి. బల్లయొద్ద ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అతని పేరులోని మూడక్షరములను వేరొక కాగితముమీద వ్రాసి చూపితిమి. అతడు వాటిని చూచి చూచి కవరుమీద తానే వ్రాసెను. పండుగ సెలవు నాలుగు దినములు ప్రతి సాయంకాలమును వచ్చెను. అయిదవ దినమున రైలెక్కెను. మరల సంక్రాంతికి వత్తునని చెప్పెను, పని ఉన్నందున రాలేదు.

అతడు బడికి తిరిగి వచ్చునని మేము చెప్పలేము. కాని ఆ కాగితము జేబులో పెట్టుకొని పోయెను. ఉపమానములోని కాపరి గొఱ్ఱె దొరకువరకు వెదకెను. మేమును ఇంకను వెదకుచున్నాము. మీ సంఘములో ఆలస్యము కాకమునుపే లెక్కించుడని మిమ్మును బతిమాలుచున్నాము. ఈ వారమే పట్టిక ప్రారంభించుడి. పరీక్షలకు ఇంకను వారములున్నవి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ వీధిలో బడి ఈడు పిల్లలు ఎందరు? వారిలో గత వారము మూడు దినములు బడికి పోనివారు ఎవరు? పేర్లు చెప్పగలరా?

2. ఎలీషా ఆ విధవరాలికి సొమ్ము ఇవ్వక, ప్రొరుగువారి యిండ్లకు ఎందుకు పంపెను? మీ యింట ఉన్న వట్టి పాత్ర ఏది?

3. మీ ఆదివారపు బడిలో కంఠత వాక్యము చెప్పు పిల్లలలో బైబిలు తెరచి చదువగలవారు ఎందరు? సిగ్గుపరచకుండ దీనిని ఎట్లు తెలిసికొనవచ్చును?

4. మన సంఘపు కూటములు, ఉపవాస ప్రార్థనలు, పెండ్లి ప్రయాణములు బడి దినములలో ఎన్ని జరుగుచున్నవి? వాటిలో మార్చదగినవి ఏవి?

ప్రార్థన

చిన్నబిడ్డలను చేరదీసికొనిన ప్రభువా, మా యెదుట కూర్చున్నవారిని మేము చూడలేదు, క్షమించుము. లెక్కించు మనస్సును, మూడవ దినముననే లేచి పోవు కాళ్లను మాకు దయచేయుము. కోతల దినములలో తల్లులకు బలమును, పరీక్షల దినములలో బిడ్డలకు ధైర్యమును ఇమ్ము. దూరదేశమున పనిచేయుచున్న మా పిల్లలను కాచి, మరల తోడుకొనిరమ్ము. ఆమేన్.